డెబ్బై కాదు, ఇరవై నాలుగు

(సిరామిక్స్ చివరి సంవత్సరం విద్యార్థులకు వాళ్ళ ప్రదర్శనకి పది వారాల ముందు ఒక అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరూ వచ్చినట్టేనా? వెనక ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి, ఫ్యాను చప్పుడొస్తోంది. ఆ, చాలు.

ముందు ఒక మాట చెప్పేస్తాను. పక్క గదిలో మీ గ్లేజ్ కిల్న్, అదే, గాజులాంటి పూత వేసిన కుండల్ని కాల్చే బట్టీ, చల్లారుతోంది. నేనిటు వస్తూ చూశాను, మీటరు మీద 196 డిగ్రీలుంది. మీ చెవులు నా వైపున్నా మనసంతా ఆ గదిలోనే ఉందని నాకు తెలుసు. ఎవరూ లేవకండి. దాని సంగతి చివర్లో చూద్దాం.

మీ ప్రదర్శనకి ఇంకా పది వారాలుంది. పది వారాలంటే ఎన్ని రోజులు? డెబ్బై. డెబ్బై రోజులు పని చేసుకోవచ్చని మీరనుకుంటున్నారు. అలా అనుకుని దెబ్బతిన్న మనిషిని నేను. అందుకే ఇవాళ భావం గురించీ రూపం గురించీ మాట్లాడను. అవి మీ మాస్టార్లు రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను కూడికలు తీసివేతలు మాట్లాడతాను. ప్రారంభం రోజు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వద్దాం. మీరు కూడా కట్టండి.

ప్రారంభానికి ముందు మూడు రోజులు పీఠాలు, లైట్లు, పేరు చీటీలు. తీసేస్తే 67. దానికి ముందు పది రోజులు ఖాళీగా వదిలెయ్యండి. ఎందుకమ్మా ఖాళీ? ఏదో ఒకటి మళ్ళీ కాల్చాల్సి వస్తుంది కాబట్టి. వస్తుందేమో అనడం లేదు, వస్తుంది. 57. గ్లేజ్ ఫైరింగ్‌కి సర్దడం ఒక రోజు, కాలడం ఒక రోజు, చల్లారడం రెండు రోజులు. 53. గ్లేజ్ వేసుకోడానికి మూడు రోజులు. 50. బిస్క్‌కి, అంటే గ్లేజ్ వెయ్యకముందు కాల్చే మొదటి కాల్పుకి, అయిదు, దాన్ని నిదానంగా వేడెక్కించాలి. 45. ఇక ఆరడం. మీలో సగం మంది మందంగా, పెద్దగా చేస్తున్నారు. మూడు వారాలు వేసుకోండి. 45లో 21 పోతే?

ఇరవై నాలుగు. ఇంకోసారి గట్టిగా చెప్పండి. ఇరవై నాలుగు. పచ్చిమట్టి మీద చెయ్యి పెట్టడానికి మీకున్న రోజులవి. కిల్న్ ఒకటి, మీరు పద్నాలుగు మంది. వరస కూడా లెక్కేస్తే అవీ మిగలవు.

పెయింటింగ్ చేసే మీ స్నేహితులున్నారు చూశారూ, వాళ్ళు ప్రారంభానికి ముందు రాత్రి కూడా బ్రష్ పట్టుకుని కూర్చోగలరు. రంగు ఆరకుండానే గోడకి తగిలించినవాళ్ళని నేనెరుగుదును. మనకి ఆ వెసులుబాటు లేదు. మనం చెయ్యి తీసేశాక గాలి పని మొదలవుతుంది, ఆ తర్వాత నిప్పు పని. ఆ ఇద్దరికీ మీ ప్రదర్శన ఎప్పుడో తెలియదు. చెప్పినా వినరు.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. విన్నారుగా ఈ సామెత? గుదియ అంటే దుడ్డుకర్ర. ఎప్పుడూ గుదియ వైపు నుంచే చెప్పుకుంటాం దాన్ని, అయ్యో ఒక్క దెబ్బకే పోయిందే అని. నాకు ఆ మొదటి సగం కావాలి. కుమ్మరికి ఏడాది ఎందుకు పట్టింది? బద్ధకమా? సారె మీద కుండ లేవడానికి ఎంతసేపు పడుతుంది, మీకు తెలియదా? నిమిషాలు. మరి ఏడాదంతా ఆయన ఏం చేశాడు?

జోసయ్యా వెడ్జ్‌వుడ్ సంగతి చెప్తాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో కుండల పనిని పెద్ద పరిశ్రమగా మార్చినవాడు. రోమన్ల నాటి గాజు కలశం ఒకటుంది, పోర్ట్‌లాండ్ వేజ్ అంటారు, ముదురు గాజు మీద తెల్లటి బొమ్మలు. దాన్ని సిరామిక్‌లో చేసి చూపిస్తానని 1786లో ఆ కలశాన్ని అరువు తెచ్చుకున్నాడు. లండన్‌లో జనానికి చూపించింది ఎప్పుడు? 1790లో. నాలుగేళ్ళు. పగుళ్ళు, బొబ్బలు, మళ్ళీ మొదటికి. ఆయనకి సొంత ఫ్యాక్టరీ ఉంది, చెయ్యి తిరిగిన పనివాళ్ళున్నారు, అడిగేవాడు లేడు. అయినా నాలుగేళ్ళు. మీరు నాలుగు వారాల్లో ముగించేస్తానంటున్నారు. అనండి, నేను కాదనను.

ఇదే వెడ్జ్‌వుడ్ అంతకుముందు, 1782లో, కిల్న్ లోపలి వేడిని కొలిచే సాధనం ఒకటి చేశాడు. ఏముంది అందులో? మట్టి బిళ్ళలు, అంతే. మట్టి కాలేకొద్దీ కుంచించుకుపోతుంది కదా, ఎంత తగ్గిందో చూసి ఎంత వేడి తగిలిందో చెప్పడం. ఆయన చెప్పిన డిగ్రీలు అసలు కంటే చాలా ఎక్కువ, అది వేరే కథ. కానీ మట్టి తగ్గుతుంది అన్న సంగతిని ఆయన కొలబద్దగా చేసుకున్నాడు. మీరేమో దాన్ని చివర్లో కనిపెట్టి ఆశ్చర్యపోతారు.

తమ మట్టి ఎంత తగ్గుతుందో కొలిచి చూసుకున్నవాళ్ళు చేతులెత్తండి. ఒకటి, రెండు... నలుగురు. పద్నాలుగు మందిలో నలుగురు! బాగుంది. మిగిలినవాళ్ళు ఇవాళే ఒక పట్టీ చెయ్యండి, పచ్చిగా ఉండగానే దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా కాలాక కొలిస్తే 8.8 వచ్చిందనుకోండి, మీ మట్టి 12 శాతం తగ్గుతోందన్నమాట. ఇప్పుడు చెప్పండి, పీఠం మీద 44 సెంటీమీటర్లు నిలబడాలంటే పచ్చిమట్టిలో ఎంత చెయ్యాలి? 49 అంటున్నారు ఎవరో. 44కి పన్నెండు శాతం కలిపావు కదూ? అందరూ చేసే తప్పే అది. 0.88తో భాగించాలి. 50 వస్తుంది. సెంటీమీటరే కదా అనకండి, మూత కుండ మీద కూర్చోదు. మూతా కుండా ఒకే రోజు, ఒకే మట్టి ముద్దలోంచి చెయ్యండి, పక్కపక్కనే ఆరబెట్టండి. గోడకి తగిలించే పలకలు చేస్తున్న అమ్మాయి ఎవరు? నువ్వేనా? రంధ్రాల మధ్య దూరం కూడా తగ్గుతుందమ్మా. కొలతలు చూసి మేకులు ముందే కొట్టించకు.

ఇప్పుడు ఆరడం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

కిల్న్‌లో పగిలింది అంటుంటారు మీరు. చాలాసార్లు అది కిల్న్‌లో పగల్లేదు. మీ బల్ల మీదే పగిలింది, కంటికి కనపడలేదు, కిల్న్ దాన్ని బయటపెట్టింది. ఎలాగంటే, మట్టి రేణువుల మధ్య నీరుంటుంది. నీరు పోయినచోట రేణువులు దగ్గరికి జరుగుతాయి, ఆ భాగం చిన్నదవుతుంది. అంచు పలచన, త్వరగా ఆరి చిన్నదవుతుంది. అడుగు మందం, ఇంకా తడిగా పెద్దగానే ఉంటుంది. ఒకటి లాగుతుంది, ఇంకొకటి రాదు. ఏమవుతుంది? చీలుతుంది. కాబట్టి గబగబా ఆరబెట్టడమూ పనికిరాదు, నిదానమంటే ఒక మూల పడెయ్యడమూ కాదు. అన్ని భాగాలూ ఒకే వేగంతో ఆరాలి. అంచుకి ప్లాస్టిక్ చుట్టండి. అడుగు కింద చెక్కపట్టీలు పెట్టి గాలి ఆడనివ్వండి. పిడులకి, ముక్కులకి, సన్నగా బయటికొచ్చిన వాటన్నిటికీ విడిగా చుట్టండి, అవి అందరికంటే ముందు ఆరతాయి. పెద్ద పలకలైతే కింద దినపత్రిక వెయ్యండి, తగ్గేటప్పుడు జారడానికి వీలుంటుంది, బల్లకి అతుక్కుని చీలదు. పొద్దున్నే ప్లాస్టిక్ విప్పి, లోపల పట్టిన నీటి చుక్కలు దులిపి, తిరగేసి మళ్ళీ కప్పండి. చంటిపిల్లకి గుడ్డలు మార్చినట్టే. రోజూ. మూడు వారాలు.

అతుకులు పెట్టేది లెదర్ హార్డ్ దశలోనే, అంటే మట్టి సగం ఆరి తోలులా గట్టిపడ్డప్పుడే, రెండు ముక్కలూ ఒకే తడిలో ఉన్నప్పుడు. ఆరినదానికి పచ్చిది అతికించి నీళ్ళలో కలిపిన మట్టి, అదే స్లిప్, పూస్తే సరిపోతుందనుకుంటారు. ఆ రోజుకి సరిపోతుంది.

పేలడం గురించి. లోపల గాలి బుడగ ఉంది, అందుకే పేలింది అని మనకి మొదటి సంవత్సరం నుంచీ నూరిపోస్తారు. నాకూ అలాగే నూరిపోశారు. పేల్చేది గాలి కాదర్రా, నీరు. పూర్తిగా ఆరిన మట్టిలో బుడగ ఉన్నా నిక్షేపంగా కాలుతుంది. తడి ఉన్న మందపాటి గోడ 100 డిగ్రీలు దాటిందంటే లోపలి నీరు ఆవిరవుతుంది. ఆవిరికి ఆ నీటికి పట్టే చోటుకంటే 1600 రెట్లకి పైగా చోటు కావాలి. ఎక్కడికి పోతుంది? అందుకే 80, 90 దగ్గర గంటల తరబడి ఆపుతాం, మందమైతే రాత్రంతా.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెంపకి ఆనించండి. నవ్వకండి, చేతికంటే చెంపకే బాగా తెలుస్తుంది. చల్లగా తగిలిందా, ఇంకా నీరు పోతూనే ఉంది.

నేను చదువుకునేటప్పుడు తొమ్మిది స్తంభాలు చేశాను ప్రదర్శనకి. ఒకదానికంటే ఒకటి ఎత్తు. ఎనిమిది వేళకే అయ్యాయి. తొమ్మిదోది, అందరికంటే పొడుగుది, ఇంకా తొమ్మిది రోజులుందనగా మొదలుపెట్టాను. వేడి దీపం పెట్టి ఆరబెట్టాను. లోడింగ్ రోజున చెంపకి ఆనించాను, చల్లగా తగిలింది. ఇవాళ చలిగా ఉందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అర్ధరాత్రి పేలింది. నాది పోతే పోయింది, అదే అరలో నా క్లాసు అమ్మాయి మూతలు మూడున్నాయి, వాటినీ తీసుకుపోయింది. పొద్దున ఇద్దరం బ్రష్షులు పట్టుకుని పెంకులు ఎత్తుతున్నాం. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "ఎప్పుడు చేశావే ఇది?" అని మాత్రం అడిగింది. నేను తేదీ అబద్ధం చెప్పాను. రెండు వారాలు వెనక్కి జరిపి చెప్పాను. పేలిన స్తంభం ఎలా ఉండేదో ఇప్పుడు సరిగా గుర్తు లేదు. చెప్పిన తేదీ మాత్రం గుర్తుంది.

సరే. గ్లేజ్. దీని గురించి గబగబా చెప్పేస్తాను, మీకు తరగతులున్నాయి. టెస్ట్ టైల్, అదే, గ్లేజ్ వేసి పరీక్షించే పలక, పడుకోబెట్టి కాల్చకండి, నిలబెట్టండి. పడుకున్న టైల్ మీద ఏ గ్లేజ్ అయినా బుద్ధిగానే ఉంటుంది. మీ కుండ గోడ నిలువుగా ఉంది కదా? కారేది అక్కడ. ఏ బకెట్‌లోంచి కుండకి వేస్తారో ఆ బకెట్‌లోంచే టెస్ట్ చెయ్యండి, కొత్తగా కలిపితే మళ్ళీ టెస్ట్. ముంచి తీసేటప్పుడు లెక్కపెట్టండి, ఒకటి, రెండు, మూడు, ఆ అంకె కూడా రాసి పెట్టుకోండి. అడుగు నుంచి మూడు మిల్లీమీటర్లు తుడిచెయ్యండి. తుడవకపోతే ఏమవుతుందో ఆ మూల అర చూస్తే తెలుస్తుంది, దాని మీద ఒక గిన్నె శాశ్వతంగా స్థిరపడిపోయింది.

కోన్ మాత్రం, అదే, వేడికి మెత్తబడి వంగే ఆ చిన్న శంకువు, తప్పకుండా పెట్టండి. మీటరు ఉంది కదా, కోన్ ఎందుకని మొన్నెవరో అడిగారు. మీటరు ఆ క్షణంలో వేడి ఎంతో చెప్తుంది. అంతే చెప్తుంది. 1220కి ఎనిమిది గంటల్లో చేరినా, పద్నాలుగు గంటల్లో చేరినా దాని అంకె ఒకటే. కుండకి ఒకటి కాదు. అది ఎంత వేడిని ఎంతసేపు భరించిందన్నదే గ్లేజ్‌ని నిర్ణయిస్తుంది. కోన్ కూడా మీ కుండ పక్కనే ఉండి అదే భరిస్తుంది, భరించి తల వంచుతుంది. హెర్మన్ సేగర్ బెర్లిన్‌లో వీటిని చేసింది 1886లో. ఇన్నేళ్ళయినా వీటికి బదులు రాలేదు. పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి పెట్టండి. మీ కిల్న్ పైన ఒకలా, కింద ఒకలా కాలుస్తుందని అప్పుడు తెలుస్తుంది. ఏ కుండ ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పు బాబూ. ... అందరికీ వినపడిందా? ఇలా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ప్రయోగం చేసేదెప్పుడు అంటున్నాడు. మంచి ప్రశ్న. ప్రయోగం వద్దని నేనన్నానా? చిన్నవాటి మీద చెయ్యండి, ఇప్పుడు చెయ్యండి, ఈ ఇరవై నాలుగు రోజుల్లో చెయ్యండి. లూసీ రీ అనే కుండల కళాకారిణి పేరు విన్నారు కదా. వియన్నాలో పుట్టింది, 1938లో లండన్‌కి తరలిపోయింది. యుద్ధకాలంలో ఏం చేసేది? బొత్తాలు. బట్టలకి కుట్టే సిరామిక్ బొత్తాలు. దర్జీ తెచ్చిన గుడ్డ రంగుకి సరిపోయేలా గ్లేజ్ రావాలి. బొత్తాం ఎంతుంటుంది? వేలిగోరంత. ఆ వేలిగోరంత దాని మీద వందల రంగులు. ఆ తర్వాత ఆవిడ పచ్చికుండకే గ్లేజ్ వేసి ఒక్కసారే కాల్చేది, బిస్క్ లేకుండా. అమ్మయ్య, అయిదు రోజులు మిగిలాయి అనుకుంటున్నారు, మీ మొహాలు చెప్తున్నాయి. ఆవిడ చెయ్యగలిగింది. పచ్చికుండ నీటిని పీల్చి కూలిపోకుండా ఎంత గ్లేజ్ వెయ్యచ్చో ఆవిడ చేతికి తెలుసు. మీరు ప్రదర్శన అయ్యాక నేర్చుకోండి.

పగిలినవాటి సంగతి. పగుళ్ళని లక్కతో అతికి బంగారం పొడి అద్దే జపాన్ పద్ధతి ఉంది, కింత్సుగి. గొప్ప విద్య. కానీ ఈ మధ్య విద్యార్థుల ప్రదర్శనలకి వెళ్తే ప్రతి మూడో కుండకీ బంగారు గీత కనిపిస్తోంది నాకు. ఎండబెట్టడం చేతకాక వచ్చిన చీలికకి బంగారం పూసి, పక్కన గాయాల గురించి ఒక పేరా రాస్తారు. నాకు చిరాకు. మీకు వేరే అభిప్రాయం ఉంటే ఉండచ్చు. జార్జ్ ఓర్ అని అమెరికాలో ఒక కుమ్మరి, బిలాక్సీ ఊరివాడు. 1894లో మంటల్లో అతని కార్ఖానా మొత్తం కాలిపోయింది. మాడిపోయిన కుండల్ని పారెయ్యలేదు, నా కాలిన బిడ్డలు అని దాచుకున్నాడు. అది వేరు. వాటికి నిజంగా ఏదో జరిగింది. మీ కుండకి జరిగిందల్లా ప్లాస్టిక్ కప్పకపోవడం.

కాబట్టి ఎక్కువ చెయ్యండి, తక్కువ పెట్టండి. ఆరు పెట్టాలనుకుంటే తొమ్మిది చెయ్యండి. తొమ్మిదీ బాగా వస్తే? అప్పుడూ ఆరే పెట్టండి. కష్టపడ్డాను కదా అని పెట్టకండి. చూసేవాళ్ళకి మీ కష్టంతో పనిలేదు.

పీఠాలు. చిన్న గిన్నెని నడుమెత్తు పీఠం మీద పెడితే లోపలిది కనిపిస్తుంది, కళ్ళ ఎత్తులో పెడితే అంచూ కడుపూ కనిపిస్తాయి. మీరు ఏం చూపించాలనుకుని చేశారు? దాన్ని బట్టి ఎత్తు. ఖాళీ పీఠం తేలిగ్గా ఊగుతుంది, లోపల ఇసుక సంచీ పెట్టండి. కుండ అడుగున మైనం ముద్ద. 2006లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో మెట్ల దగ్గర ఒక సందర్శకుడు తూలిపడ్డాడు. కిటికీ గట్టు మీద మూడు పెద్ద చైనా కలశాలు, క్వింగ్ వంశం నాటివి. మూడూ ముక్కలయ్యాయి. తర్వాత అతికారనుకోండి. చాలా ఏళ్ళుగా అవి ఆ గట్టు మీదే ఉన్నాయట, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్నాళ్ళూ కాలేదు కదా అన్నది లెక్కలోకి రాదు. మనుషులు ఎటు తిరుగుతారు, సంచీ ఎటు తగులుతుంది, పిల్లలు ఎక్కడ చెయ్యి పెడతారు, ఇవన్నీ పీఠం పెట్టకముందు మీరే ఒకసారి నడిచి చూసుకోండి.

నేల మీద పెట్టి జనాన్ని నడవనిస్తానని ఒకరు రాసిచ్చారు నాకు. చైనా కళాకారుడు ఐ వైవై 2010లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు, పింగాణీవి, చైనాలోని జింగ్‌దెజెన్‌లో చేతితో చేయించినవి. మొదట్లో జనాన్ని వాటి మీద నడవనిచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆపేశారు. ఎందుకు? రాపిడికి దుమ్ము లేస్తోంది. సిరామిక్ దుమ్ము ఊపిరికి మంచిది కాదు. అంత పెద్ద సంస్థకి అది తెరిచాక తెలిసింది. నీకు తెరవకముందే చెప్తున్నాను. అన్నట్టు మీ స్టూడియో కూడా పొడి చీపురుతో ఊడ్చడం మానండి. తడిగుడ్డ. ఆరిన మట్టిని గీకేటప్పుడు మాస్కు. ఎన్నిసార్లు చెప్పాను?

పేరు చీటీ మీద పేరు, మట్టి, ఎంతకి కాల్చారు, సంవత్సరం. చాలు.

టైమెంతయింది? గంట దాటిపోయిందే. ఎవరన్నా వెళ్ళి మీటరు చూసి రండి. ఒక్కరే. తలుపు మీద చెయ్యి వెయ్యకు.

ఎంతుంది? 171.

కూర్చోండి, కూర్చోండి. నాకు తెలుసు. సందు చేసి ఒక్కసారి తొంగిచూస్తాం, అంతే కదా మీరడిగేది? 171 దగ్గర చల్లగాలి తగిలితే గ్లేజ్ ఒకలా ముడుచుకుంటుంది, లోపలి మట్టి ఒకలా ముడుచుకుంటుంది. గ్లేజ్ చిట్లుతూ టింగ్ టింగ్‌మని శబ్దం వస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. అందులో మీ పద్నాలుగు మందివీ ఉన్నాయి. ఎవరి కుండకి ఎవరు జవాబు చెప్తారు?

రేపు పొద్దున తొమ్మిదింటికి. చేతికి మందపాటి గుడ్డలు తెచ్చుకోండి. ఇవాళ రాత్రికి తాళం నా దగ్గరే ఉంటుంది.